ధూమ్రశైలం మీద మూడు రాళ్ళు

శోణపురి రాజ్యానికి ఉత్తరాన, మనుషుల ఊళ్ళన్నీ అయిపోయిన తరువాత, ధూమ్రశైలం మొదలవుతుంది. ఆ కొండకు శిఖరం ఉందని చెప్పినవాళ్ళే గాని చూసినవాళ్ళు లేరు. నల్లమబ్బులు తలపాగాలా చుట్టుకుని ఏడాది పొడుగునా దాన్ని దాచి ఉంచుతాయి. ఆనాడు ఆషాఢపు తొలివాన. దేవదారు వనాల మీద, పాచి పట్టిన బండల మీద, పేరు లేని లోయల మీద ధారాపాతంగా కురుస్తోంది. ప్రతి రాతి పగులు నుంచీ ఒక సెలయేరు పుట్టి, తెల్లని నురగలతో గంతులు వేస్తూ, పక్కదానితో కలిసి, గుర్రాల దండులా హోరుమంటూ కిందికి ఉరుకుతోంది. మెరుపు మెరిసినప్పుడల్లా కొండ మొత్తం ఒక్క క్షణం వెండి పోతపోసినట్లు కనిపించి మళ్ళీ మాయమైపోతోంది.

ఆ వానలో ఇద్దరు యువకులు, ఒక కంచరగాడిద కొండ ఎక్కుతున్నారు. ముందు దాది కొడుకు సోముడు. అతని వెనక గాడిద. గాడిద వెనక శోణపురి యువరాజు అమరకేతు.

ఈ వరసే యువరాజుకు మింగుడు పడడం లేదు. పద్దెనిమిది విద్యలు నేర్చి, మూడు యుద్ధాల్లో గెలిచి, చివరికి గాడిద తోక చూస్తూ నడవడానికా తాను పుట్టింది? పోనీ ఆ గాడిదైనా తన మాట వింటుందా అంటే, అదీ లేదు. దానికి ఐరావతమని పేరు పెట్టినవాడు సోముడు. అతను నాలుకతో "చిక్ చిక్, తల్లీ" అంటే చాలు, ఏనుగు దిగలేని వాలు కూడా దిగుతుంది. యువరాజు "నడవవే గాడిదా!" అని గద్దిస్తే ఆగి, వెనక్కి తిరిగి, అతన్ని ఎగాదిగా చూసి, తీరిగ్గా గడ్డి మేస్తుంది.

అయినా గాడిద సంగతి చిన్నది. అసలు మంట వేరే ఉంది.

యువరాజుకు ఒక్కతే చెల్లెలు, కువలయ. ఆమె నోరు విప్పితే కోటలో పంజరపు చిలకలు కూడా మాటలు మానేసి వినేవి. అటువంటి పిల్ల ఇరవై నాలుగు రోజులుగా మూగదై పడి ఉంది. ధూమకంఠుడనే మాంత్రికుడు చేసిన పని అది. వాడికి సొంత గొంతు లేదు. మనుషుల గొంతులు దొంగిలించి వాటితో మాట్లాడతాడు. ఒకటి అరిగిపోగానే ఇంకొకటి. కువలయ గొంతును ఒక శంఖంలో బంధించి, ధూమ్రశైలం గుహలో నెల రోజులకని మాగపెడుతున్నాడు. నెల తిరిగితే దాన్ని మింగుతాడు. ఆ తరువాత మూడు రోజులకు పిల్ల ప్రాణం పోతుంది.

ఈ రహస్యం చెప్పింది సోముడి తల్లి గంగసాని. ఆమె పుట్టిల్లు ఈ కొండమీది గూడెమే. "గుహ తలుపు వాన కురిసినంత సేపే తెరుచుకుంటుంది యువరాజా," అందామె. "శంఖం చేతికి వచ్చాక మనిషి అరచేయి విడవకూడదు. నేల మీద పెట్టినా, సంచిలో వేసినా గొంతు చల్లారిపోతుంది. బలవంతాన గుంజుకుంటే శంఖం పగులుతుంది. ఇష్టపడి ఇస్తేనే చేయి మారాలి. అందుకే ఇద్దరు వెళ్ళండి. ఒకరు నిద్రపోతే ఒకరు పట్టుకోవచ్చు."

నెల తిరగడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఇంటికి నాలుగు రోజుల దారి. వాన ఈరోజు ఉంది, రేపటి సంగతి ఎవరికీ తెలియదు.

ఇద్దరు అనగానే రాజు గారు మరో ఆలోచన లేకుండా సోముణ్ణి పిలిచారు. యువరాజుకు అక్కడే కన్నుకుట్టింది. ఎందుకంటే, కువలయ గొంతు పోయిన నాటి సాయంత్రం అతను తన కళ్ళతో ఒక దృశ్యం చూశాడు. ఉద్యానవనంలో చెల్లెలు ఉయ్యాల మీద కూర్చుని, సోముడికి ఏదో చెప్పి నవ్వుతోంది. "సోమన్నా, సోమన్నా" అంటోంది. అమరకేతు పొదల పక్క నుంచి రాగానే టక్కున మాట ఆపేసింది! సొంత అన్నను చూసి నోరు మూసుకుని, దాది కొడుకుతో గుసగుసలా? యువరాజు మొహం ముడుచుకుని వెళ్ళిపోయి, మూడు రోజులు చెల్లెలి గడప తొక్కలేదు. ఆమె కావాలని మాట ఆపలేదనీ, సరిగ్గా ఆ క్షణానే మాంత్రికుడు ఆమె గొంతు కాజేశాడనీ నాలుగో రోజున గాని అతనికి తెలియలేదు. తెలిసినా ఏం లాభం? ఆమె ఆఖరి నవ్వు, ఆఖరి మాట సోముడికే దక్కాయి కదా అని కడుపు ఇంకా ఎక్కువ మండింది. ఆ రోజు ఏమని చెప్పిందని సోముణ్ణి అడిగితే చెప్పేవాడే. అడగడానికి యువరాజు గారికి అభిమానం అడ్డొచ్చింది.

మొదటి మలుపులో సోముడు ఆగి, దారి పక్కన ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్న మూడు చదును రాళ్ళను చూపించాడు.

"ఇవి దారిరాళ్ళు యువరాజా. ఇవి ఉన్నవైపు నడవొచ్చని గుర్తు. వానకి దారి తెగిపోతే, ముందు వెళ్ళినవాడు వెనక్కొచ్చి రాళ్ళు తీసి ఇంకో దారిలో పేరుస్తాడు. వెనకొచ్చేవాడు పగవాడైనా సరే, పేర్చాల్సిందే."

"ఎవడైనా కావాలని తప్పుదారిలో పేరిస్తే?"

సోముడు తెల్లబోయి చూశాడు. "ఎందుకు పేరుస్తారు?" అన్నాడు. అటువంటి పని ఒకటి ఉంటుందన్న ఊహే అతని బుర్రకు ఎక్కలేదు. యువరాజు తలమీది గొంగడి సర్దుకున్నాడు.

కొంత దూరం పోయాక బండ చాటున ఒక గుడిసె కనిపించింది. సోముడు గాడిద డెక్కలో ఇరుక్కున్న రాయి తీయడానికి బయటే ఉండిపోయాడు. యువరాజు ఒక్కడే లోపలికి వెళ్ళాడు. పొయ్యి ముందు ఒక ముదుసలి కూర్చుని ఉంది. మొహం నిండా ముడతలు. కాని నోరు విప్పితే వీణ మీటినట్లు పడుచు గొంతు.

"రా నాయనా, చలి కాచుకో. శంఖం కోసం వచ్చావు కదూ?"

"నీకెలా తెలుసు అవ్వా?"

"ఈ వానలో ఇంకెందుకొస్తారు? అయ్యో పాపం, రాచబిడ్డవి, వెనకాల నడుస్తున్నావు! ముందు నడిచేవాడి చేతికే శంఖం వస్తుంది. దాన్ని చేత పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేది వాడే. పిల్లకి గొంతు రాగానే మొదట ఎవర్ని పిలుస్తుంది? తెచ్చినవాణ్ణే పిలుస్తుంది. నువ్వు పక్కన నిలబడి చూస్తావు." ముదుసలి కట్టెపుల్ల ఎగదోసింది. "ఒక్కడివే వెళ్ళలేవా నాయనా? అంత చేతకానివాడివా?"

గుడిసె కప్పు నాలుగు చోట్ల కారుతోంది. ముదుసలి సరిగ్గా ఒక ధార కిందే కూర్చుంది. యువరాజుకు అదేమీ కనిపించలేదు. అతనికి కనిపిస్తున్నదల్లా కోట గుమ్మం ముందు జనం, పూలు చల్లుతున్న ఆడవాళ్ళు, శంఖం ఎత్తిపట్టుకుని నవ్వుతున్న సోముడు.

గుడిసె దాటిన కొద్దిసేపటికే అతని కోరిక తీరే అవకాశం వచ్చింది. ఒక సెలయేరు మోకాళ్ళ లోతున ఉరకలు వేస్తోంది. ఐరావతం దాని ఒడ్డున నాలుగు కాళ్ళూ బిగించి నిలబడిపోయింది. చుట్టూ తిప్పి తీసుకురావాలంటే చాలా సేపు పడుతుంది.

"తమరు ముందు నడవండి యువరాజా," అన్నాడు సోముడు. "పైన దారి రెండుగా చీలుతుంది. దారిరాళ్ళు చూసుకుని వెళ్ళండి. నేను దీన్ని బుజ్జగించి తీసుకొస్తాను. వాన తగ్గేలా ఉంది, నాకోసం ఆగకండి."

ఆగమన్నా ఆగేవాడు కాదు. యువరాజు సెలయేరు దాటి, జారుతూ, లేస్తూ, రాళ్ళు పట్టుకుని పాకుతూ పైకి పరుగుపెట్టాడు. నిజంగానే దారి రెండుగా చీలింది. కుడివైపు దారిలో మూడు దారిరాళ్ళు ఉన్నాయి. ఎడమవైపు దారి మబ్బులోకి పోయి కనిపించకుండా ఉంది.

అమరకేతు వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. దూరంగా "చిక్ చిక్, తల్లీ" అన్న పిలుపు వినిపించింది. ఆ పిలుపుతో అతని అరికాలి మంట నెత్తికెక్కింది. వంగి మొదటి రాయి ఎత్తాడు. తరువాత రెండోది, మూడోది. మూడింటినీ ఎడమవైపు దారిలో పేర్చాడు. చంపాలని కాదు సుమండీ. కాసేపు దారి తప్పి తిరుగుతాడు, ఈలోగా తాను శంఖం తీసుకుని దిగిపోవచ్చు, అంతే. నాలుగు రోజులు నిద్ర లేకుండా శంఖం ఎలా పట్టుకుంటావయ్యా అని అడిగేవాళ్ళు పక్కన ఎవరూ లేరు. పై రాయి మీద వాన చినుకులు టపటప పడుతుంటే అతను కుడిదారిలో పరుగు తీశాడు.

ఆ దారి చివర ఒక మహా జలపాతం. దాని నీళ్ళు నేరుగా లోయలో పడకుండా, కొండ పక్కన తొలిచిన పెద్ద రాతి తొట్టిలో పడుతున్నాయి. తొట్టి నిండి బరువెక్కి కిందికి దిగితే, ఏతం మానులా రెండో కొస పైకి లేచి, గుహ ముందున్న బండను ఎత్తి పట్టుకుంది. వాన ఆగితే తొట్టి ఖాళీ అవుతుంది, బండ దిగుతుంది. అదీ గుహ తలుపు రహస్యం!

యువరాజు కత్తి దూసి లోపలికి దూరాడు. లోపల పటికరాయి గోడలు పచ్చగా, నీలంగా మెరుస్తున్నాయి. గోడల నిండా గూళ్ళు. గూటి గూటికీ ఒక శంఖం. అన్నీ మసిబారి, నోళ్ళు తెరుచుకుని, ఖాళీగా ఉన్నాయి. మాంత్రికుడు మింగేసిన గొంతులవి. పై గూటిలో ఒక్కటి మాత్రం తెల్లగా వెలుగుతోంది. దాని చుట్టూ చేతిమందం నల్లత్రాచు! అది బుస్సున పడగ విప్పి కొట్టింది. అమరకేతు ఒక్క అడుగు పక్కకు వేసి కత్తి విసిరాడు. త్రాచు రెండు తునకలై కింద పడి, పొగై పోయింది. అతను గెంతి శంఖాన్ని అందుకున్నాడు. అప్పుడే పట్టుకున్న పిచ్చుకపిల్లలా అరచేతిలో వెచ్చగా ఉంది.

సాధించాడు! ఒక్కడే సాధించాడు. ఆ సంబరంలో శంఖాన్ని చెవికి ఆనించాడు. లోపల కువలయ నవ్వు వినిపించింది. ఆ తరువాత, ఉయ్యాల మీద ఆ సాయంత్రం పలికిన ఆఖరి మాటలు వినిపించాయి.

"సోమన్నా, సోమన్నా, నవ్వకు, ఒట్టు వెయ్యి. ఉత్తరాన వేటకు పోతానంటున్నాడు మా అన్న. వెంట నువ్వు లేకపోతే నేను పంపను. వాడికి కోపం ముందు, ఆలోచన వెనక. వాడికేమైనా అయితే నేను బతకను, తెలుసా? అదిగో, పొదల వెనక వస్తున్నాడు! చూడు, పూలరథంలా ఎలా నడుస్తున్నాడో మా..."

అక్కడితో తెగిపోయింది.

గుసగుసలన్నీ తన గురించేనా! ఆ నవ్వు తన నడక చూసి నవ్విన నవ్వా! ఇరవై నాలుగు రోజులు ఎవరిమీద ఏడ్చాడో ఆ మనిషి, తనకు కాపలాగా ఉంటానని చెల్లెలికి ఒట్టు వేసి, గాడిదను తోలుకుంటూ ఈ వానలో వెనక వస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎక్కడో పక్కలోయలోంచి ఐరావతం ఓండ్రపెట్టింది. ఒకసారి కాదు, ఆగకుండా, గుండెలు బాదుకుంటున్నట్లు. ఎడమదారి వైపు నుంచి!

వాన సన్నగిల్లింది. గుహ ముందు బండ కిర్రుమంటూ దిగుతోంది. మనిషి ఎత్తు, నడుము ఎత్తు, మోకాలి ఎత్తు... అమరకేతు శంఖాన్ని గుండెకు హత్తుకుని నేల మీద దొర్లాడు. బండ అతని గొంగడి కొసను నొక్కిపట్టింది. గొంగడి వదిలేసి లేచి పరుగెత్తాడు. ముళ్ళు గీరాయి, రెండుసార్లు బోర్లాపడ్డాడు. పడినప్పుడల్లా శంఖం ఉన్న చేతిని ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. చీలిక దగ్గర తాను పేర్చిన మూడు రాళ్ళు అతన్ని చూశాయి. వాటిని తన్నేసి ఎడమదారిలోకి దూకాడు.

వంద అడుగులైనా లేదు ఆ దారి. కింద నేల కొట్టుకుపోయి ఉత్త మట్టి పెచ్చు మిగిలింది. అది కూడా ఇప్పుడే విరిగింది. విరిగిన అంచు మీద ఐరావతం నిలబడి ఓండ్రపెడుతోంది. దాని జీనుకు కట్టిన తాడు తెగి వేలాడుతోంది. అంచుకు మూరెడు కింద, ఒక దేవదారు వేరు పట్టుకుని సోముడు వేలాడుతున్నాడు. అతని కాళ్ళ కింద మబ్బులు తప్ప ఏమీ లేవు.

యువరాజు బోర్లా పడుకుని, తెగిన తాడును ఒంటిచేత్తోనే తన నడుముకు ముడివేసుకుని, కుడిచేయి చాచి సోముడి కుడిచేతిని పట్టుకున్నాడు. ఒంటిచేత్తో ఎంత లాగినా అంగుళం లేవలేదు. ఎడమచేతిలో శంఖం ఉంది. దాన్ని విడిస్తే చెల్లెలు పోతుంది. విడవకపోతే సోముడు పోతాడు.

"సోమా," అన్నాడు రొప్పుతూ, "రాళ్ళు నేనే మార్చాను."

"తెలుసు యువరాజా. కుడిదారిలో రాళ్ళున్న చోట నేల పొడిగా ఉంది. ఇప్పుడే తీశారని తెలిసింది. ఆ దారి తెగిపోయుంటుంది, నాకోసం వెనక్కొచ్చి మార్చారు అనుకున్నాను." సోముడు నవ్వబోయాడు గాని వేరు కిర్రుమనడంతో ఆగిపోయాడు. "ఆ వానలో మళ్ళీ వెనక్కొచ్చారే అని సంతోషపడ్డాను కూడా."

కత్తి పోటు తగిలినప్పుడు కూడా యువరాజుకు అంత నొప్పి పుట్టలేదు.

"అయ్యో నాయనా!" అన్న మాట వెనక నుంచి వినిపించింది. గుడిసెలోని ముదుసలి చేతికర్ర పోటేసుకుని వచ్చి పక్కన నిలబడింది. "ఒంటిచేత్తో ఎలా లాగుతావు? ఆ శంఖం ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను. ఎంతసేపు, ఒక్క క్షణం. ఆ పిల్లవాణ్ణి పైకి లాగు, మళ్ళీ నీ చేతికే ఇస్తాను."

దేవుడు పంపినట్లు వచ్చింది! యువరాజు చేయి ఆమె వైపు సగం దూరం వెళ్ళింది కూడా. అంతలో ఒక చినుకు అతని కంటిలో పడింది. చేయి ఆపి, తల తిప్పి ముదుసలిని చూశాడు. సన్నగానైనా వాన పడుతూనే ఉంది. బండలు తడిసి ఉన్నాయి, గాడిద తడిసి ఉంది, తాను ముద్దయి ఉన్నాడు. ముదుసలి నూలుచీర మాత్రం ఎండలో ఆరేసినట్లు పొడిగా ఉంది. ముడతల మొహంలోంచి పడుచుపిల్ల గొంతు పలుకుతోంది. ఆ గొంతు ఏ ఇంటి ఆడపిల్లదో, ఏ గూటిలోని ఖాళీ శంఖానిదో!

"ధూమకంఠా!" అన్నాడు యువరాజు పళ్ళు కొరికి.

ముదుసలి నవ్వింది. ఈసారి ఆ నోట్లోంచి మొగగొంతులు, ఆడగొంతులు, పసిపిల్లల గొంతులు కలగాపులగంగా వచ్చాయి. "గుంజుకుంటే పగులుతుందని ఆగాను గాని, లేకపోతే నిన్ను అడుగుతానా? వేరు తెగుతోంది యువరాజా. నాకు ఇచ్చావంటే దాది కొడుకు బతుకుతాడు. లేదా, వాణ్ణి వదిలెయ్యి. శంఖం నీది, చెల్లెలు నీది, పేరు నీది. నిన్నటి దాకా నువ్వు కోరుకున్నది ఇదే కదా?"

నిజమే. కోరుకున్నాడు. పొద్దున గాడిద తోక చూస్తూ కూడా అదే కోరుకున్నాడు.

"సోమా," అన్నాడు యువరాజు, "నీ కుడిచేయి వదిలేస్తున్నాను. ఎడమచేత్తో వేరు గట్టిగా పట్టుకో. శంఖం నీకిస్తున్నాను."

"నాకా?" సోముడి కళ్ళు పెద్దవయ్యాయి. "నాతోపాటు అది కూడా పడిపోతే?"

"పడనివ్వను. నువ్వే పట్టుకో. ఊళ్ళోకి కూడా నువ్వే తీసుకెళ్ళు. నా చేతులు రెండూ ఖాళీ అవ్వాలి."

సోముడు తల ఊపాడు. యువరాజు అతని చేతిని విడిచిపెట్టాడు. సోముడు ఒక్క వేరుకు వేలాడుతూ గాలిలో గిర్రున తిరిగి, మళ్ళీ ఇటు తిరిగేసరికి, అతని అరచేతిలో శంఖం వచ్చి కూర్చుంది. వెంటనే యువరాజు రెండు చేతులూ అతని ముంజేతిని ఉడుంపట్టు పట్టాయి.

మాంత్రికుడు వంద గొంతులతో కెవ్వున అరిచి చేతికర్ర ఎత్తాడు. వేరు పుటుక్కున తెగింది. సోముడి బరువుకు అమరకేతు అంచు మీదుగా ఛాతీ దాకా జారిపోయాడు. ఇప్పుడు ఇద్దరికీ, వారి మధ్య కువలయ ప్రాణానికీ ఆధారం నడుముకున్న తాడొక్కటే. తాడు కొస గాడిద జీనుకు ఉంది. గాడిద నాలుగడుగులు వెనక్కి వేస్తే బతుకుతారు.

ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా అతని మాట వినని గాడిద అది.

యువరాజు ఎండిపోయిన నాలుకను అంగిట ఆనించాడు. "చిక్ చిక్," అన్నాడు. "ఐరావతం, తల్లీ, నీకు దణ్ణం పెడతాను. వెనక్కి నడువమ్మా."

ఐరావతం ఓండ్ర ఆపి, తల తిప్పి, యువరాజును ఎగాదిగా చూసింది. తరువాత తీరిగ్గా ఒక అడుగు వెనక్కి వేసింది.